రైడ్ బెల్ మోగడం లేదా? మల్టీ జోన్ సింబల్‌ను మాడ్యూల్‌కు ఇలా కలపండి

క్రిస్మస్‌కు నెల రోజుల ముందు నుంచి ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయించేవాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో ప్రశ్న ఒకటే. "అన్నా, కొత్త రైడ్ తెచ్చిన. మామూలుగ కొడితే వస్తంది, బెల్ మాత్రం వస్తలేదు. ప్యాడ్ పోయిందంటవా?" రైడ్ అంటే లయ నడిపే పెద్ద సింబల్, బెల్ దాని నడిమి గుబ్బ. ఎలక్ట్రానిక్ కిట్‌లో సింబల్ అంటే రబ్బరు ప్యాడే. అడిగేవాళ్లలో కాజీపేట చర్చి బ్యాండ్‌లో వాయించేవాళ్లున్నారు, హన్మకొండ పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లున్నారు, వరంగల్ ఎన్‌ఐటీ స్ప్రింగ్‌స్ప్రీ ఉత్సవానికి ప్రాక్టీసు చేసే పిల్లలూ ఉన్నారు.

నేను చూసినంతలో ప్యాడ్ నిజంగా పోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు తప్పు కేబుల్లో ఉంటుంది, కాకపోతే మాడ్యూల్లో, అంటే ప్యాడ్ మీది దెబ్బను శబ్దంగా మార్చే పెట్టెలో, ప్యాడ్ టైప్ వేరేది పెట్టి ఉంటుంది. కాబట్టి ఇంకో ప్యాడ్‌కు డబ్బులు కట్టే ముందు కింద చెప్పినవి వరుసగా చేసి చూడండి. మొదటిసారి గంట పడుతుంది, అలవాటైతే పది నిమిషాలు.

ముందు తెలియాల్సింది ఇంతే

సింబల్ మీద మూడు చోట్లుంటాయి. వెడల్పుగా పళ్లెంలా ఉన్న భాగం బౌ. చుట్టూ ఉన్న అంచు ఎడ్జ్. నడిమధ్య గుబ్బ బెల్. బౌ, ఎడ్జ్ మాత్రమే పలికితే రెండు జోన్ల ప్యాడ్, బెల్ కూడా విడిగా పలికితే మూడు జోన్లది. క్రాష్‌లు, అంటే పెద్ద దెబ్బకు కొట్టే సింబళ్లు, ఎక్కువగా రెండు జోన్లవి, మంచి రైడ్‌లు మూడు జోన్లవి.

లోపల పియెజో అనే చిన్న బిళ్ల ఉంటుంది. దెబ్బ ఎంత గట్టిగా పడిందో అది చెప్తుంది. అంచు కింద, గుబ్బ కింద పలుచని స్విచ్చులుంటాయి. దెబ్బ ఎక్కడ పడిందో చెప్పేది అవి. పియెజో ఒక్కటే పలికితే మాడ్యూల్ దాన్ని బౌ అనుకుంటుంది. పియెజోతోపాటు అంచు స్విచ్చు కూడా పడితే ఎడ్జ్ అనుకుంటుంది. కొట్టకుండా అంచును పట్టుకుని నొక్కితే మోగుతున్న శబ్దాన్ని ఆపేస్తుంది. దాన్నే చోక్ అంటాం.

కేబుల్ పిన్ను ఒకసారి దగ్గరగా చూడండి. కొస పియెజోది, మధ్యలో రింగు స్విచ్చుది, కింద పొడుగ్గా ఉన్న ఒళ్లు ఎర్త్. రింగు తీగ లేకపోతే ఎడ్జ్ లేదు, బెల్ లేదు, చోక్ లేదు. కొత్త ప్యాడ్లతో వచ్చే తలనొప్పుల్లో సగానికి మూలం ఈ రింగే.

కావలసినవి

- సింబల్ ప్యాడ్, దాని స్టాండు, దానితో వచ్చిన రబ్బరు స్టాపర్, ఫెల్ట్ వాషర్, రెక్కల నట్టు.
- పావు అంగుళం పిన్నుల స్టీరియో కేబుల్. రెండు జాకుల రైడ్‌కు రెండు కావాలి.
- మాడ్యూల్, దాని మాన్యువల్. కాగితం పోతే కంపెనీ సైటులో పీడీఎఫ్ దొరుకుతుంది.
- హెడ్‌ఫోన్స్. మొదటి టెస్టు పీఏ మీద, అంటే హాలు స్పీకర్ల మీద చేయొద్దు.
- మల్టీమీటర్. లేకపోయినా పని జరుగుతుంది, ఉంటే గంటల టెన్షన్ తగ్గుతుంది. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే చవకది చాలు.
- రంగు ఇన్సులేషన్ టేపు.

కేబుల్ కొనేటప్పుడు ఒక్క మాట. దీని అసలు పేరు టీఆర్‌ఎస్. ఆ పేరుతో అడిగితే మన దగ్గర కౌంటర్ మీదున్న మనిషి నవ్వడం ఖాయం. పార్టీ 2022లో పేరు మార్చుకుని బీఆర్‌ఎస్ అయింది, కేబుల్ మాత్రం పాత పేరుతోనే ఉంది. "పెద్ద పిన్ను స్టీరియో కేబుల్, రెండు వైపులా స్టీరియో" అని అడగండి. గిటార్ కేబుల్ ఇస్తే తీసుకోవద్దు, అది మోనో.

చేయాల్సిన పని

1. సింబల్‌ను తిరగేసి జాకులు లెక్కపెట్టండి.

మిగతా పనంతా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. ఒక్క జాకే ఉంటే అది రెండు జోన్ల ప్యాడ్ కావచ్చు, యమహా పీసీవై135, పీసీవై155 లాగా ఒకే కేబుల్ మీద మూడు జోన్లు పంపేది కూడా కావచ్చు. రెండు జాకులుండి ఒకదాని పక్కన బౌ/ఎడ్జ్ అని, ఇంకోదాని పక్కన బౌ/బెల్ అని ఉంటే అది రోలాండ్ సీవై-13ఆర్, సీవై-15ఆర్ తరహా రైడ్. దానికి మూడు జోన్లూ రావాలంటే రెండు కేబుళ్లు పెట్టాల్సిందే. జాకే లేకుండా యూఎస్‌బీ మాత్రమే ఉంటే అది డిజిటల్ రైడ్, దాని సంగతి నాలుగో మెట్టులో చెప్తాను.

2. మాడ్యూల్ వెనుక భాగం చూడండి.

కొన్నింటికి ఒక్కో ప్యాడ్‌కు విడి జాకులుంటాయి. కొన్నింటికి కంప్యూటర్ ప్రింటర్ కేబుల్‌లా ఒక వెడల్పాటి కనెక్టర్ ఉండి, దాని నుంచి పాయలు పాయలుగా కేబుళ్లు వస్తాయి. ఆ పాయల మీద సీఆర్1, ఆర్‌డీ, హెచ్‌హెచ్ అని చీటీలుంటాయి. క్రాష్‌కు సీఆర్, రైడ్‌కు ఆర్‌డీ, హై-హ్యాట్‌కు హెచ్‌హెచ్. ఆర్‌డీబీ అని కనిపిస్తే అది రైడ్ బెల్‌ది. ఇవి కాక సీఆర్2 అనో, ఆక్స్ అనో ఒకటి రెండు ఖాళీ జాకులు ఉండొచ్చు.

ఇక్కడ మాన్యువల్ తెరిచి ఒకే ఒక్క విషయం చూడండి: రైడ్ ఇన్‌పుట్ ఎన్ని జోన్లు తీసుకుంటుంది, మూడైతే రెండో కేబుల్‌ను ఏ జాకులో పెట్టమంటోంది? చవక కిట్లలో చాలావాటికి రైడ్ ఇన్‌పుట్ ఒక్క జోన్‌దే. అలాంటి మాడ్యూల్‌కు ఎంత ఖరీదైన రైడ్ తగిలించినా బెల్ రాదు. ఈ సంగతి ప్యాడ్ కొన్నాక తెలిసినవాళ్లను చాలామందిని చూశాను, కొనకముందే చూసుకోండి.

3. సింబల్‌ను స్టాండ్‌కు సరిగ్గా ఎక్కించండి.

చాలా రబ్బరు సింబళ్లకు అంచు మొత్తం పలకదు. వాటిలో అంచు స్విచ్చు వాయించేవాడి వైపు ఉన్న భాగం కిందే ఉంటుంది. సింబల్ తిరిగిపోతే మీరు కొట్టే చోట స్విచ్చు ఉండదు, ఎడ్జ్ కొట్టినా బౌ శబ్దమే వస్తుంది. తిరగకుండా ఆపడానికే స్టాపర్ ఇస్తారు. "చిన్న రబ్బరు ముక్కే కదా" అని డబ్బాలోనే వదిలేయకండి.

నట్టు బిగించేటప్పుడు సింబల్ కొంచెం ఊగేలా వదలండి. స్పానర్ పట్టినట్టు బిగిస్తే గుబ్బ మీద ఒత్తిడి పడి, కొన్ని ప్యాడ్లలో బౌ కొట్టినా బెల్ పలుకుతుంది. జాక్ ఎటు ఉందో చూసి కేబుల్‌ను స్టాండు గొట్టానికి వదులుగా కట్టండి. జాక్ దగ్గర కేబుల్ బరువంతా వేలాడకూడదు. ప్రతి దెబ్బకూ అది ఊగితే ఆరు నెలల్లో జాక్ వదులవుతుంది.

4. మాడ్యూల్ ఆఫ్ చేసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, అప్పుడు కేబుళ్లు పెట్టండి.

ఆన్‌లో ఉండగా పిన్ను పెడితే "ఠప్" అని వచ్చే శబ్దం హెడ్‌ఫోన్స్‌లో చెవికి, పీఏలో స్పీకర్‌కు మంచిది కాదు. కొన్ని మాడ్యూళ్లు ఆన్ అయ్యేటప్పుడే ఏ జాకులో ఏముందో చూసుకుంటాయి, ఆ కారణంగా కూడా ఆఫ్ చేసి పెట్టడమే మేలు.

క్రాష్, రెండు జోన్లు, ఒక జాక్: ఒక స్టీరియో కేబుల్ ప్యాడ్ నుంచి సీఆర్ జాకులోకి. అయిపోయింది.

రైడ్, మూడు జోన్లు, ఒక జాక్: ఒక స్టీరియో కేబులే. కాకపోతే మాడ్యూల్లో మూడు జోన్లు తీసుకునే ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. యమహా మాడ్యూళ్లలో అన్ని ఇన్‌పుట్‌లూ మూడు జోన్లు తీసుకోవు.

రైడ్, మూడు జోన్లు, రెండు జాకులు: ఒక కేబుల్ రైడ్ ఇన్‌పుట్‌లోకి, ఇంకోటి మాన్యువల్ చెప్పిన బెల్ ఇన్‌పుట్‌లోకి. ఏది ఎందులో అన్నది మాడ్యూల్‌ను బట్టి మారుతుంది. కొన్నింటిలో బౌ/ఎడ్జ్ రైడ్ జాకులోకి పోతుంది, కొన్నింటిలో బౌ/బెల్ పోతుంది. తారుమారైతే ఏదీ కాలిపోదు. గుబ్బ కొడితే అంచు శబ్దం, అంచు కొడితే గుబ్బ శబ్దం వస్తుందంతే. ఆఫ్ చేసి పిన్నులు అటూ ఇటూ మార్చండి. బెల్ కేబుల్ రెండు చివరలకూ ఎర్ర టేపు చుట్టండి. స్టేజీ మీద చీకట్లో కిట్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

రెండు జాకుల రైడ్ ఉంది, మాడ్యూల్లో ఇన్‌పుట్ ఒక్కటే ఖాళీ: అప్పుడు ఒకటి వదులుకోవాలి. బౌ/ఎడ్జ్ పెడితే చోక్ ఉంటుంది, బెల్ ఉండదు. బౌ/బెల్ పెడితే బెల్ ఉంటుంది, ఎడ్జ్, చోక్ పోతాయి. నేనైతే రైడ్‌కు బౌ/బెల్ పెడతాను. అంచు మీద కొట్టడానికి క్రాష్ ఎలాగూ ఉంది, కానీ బెల్ మీద నడిచే లయకు ఇంకో దారి లేదు. రైడ్‌నే క్రాష్‌గా వాడేవాళ్లు దీనికి ఒప్పుకోరు, వాళ్లు బౌ/ఎడ్జ్ పెట్టుకోవచ్చు.

రెండో కేబుల్‌కు ఆక్స్ జాక్ వాడితే అక్కడ పెట్టుకుందామనుకున్న అదనపు క్రాష్ పోతుందని కూడా గుర్తుంచుకోండి.

డిజిటల్ రైడ్: రోలాండ్ 2016లో టీడీ-50తో తెచ్చిన సీవై-18డీఆర్ లాంటివి యూఎస్‌బీ కేబుల్‌తో మాడ్యూల్ మీది డిజిటల్ ట్రిగ్గర్ ఇన్ పోర్టులోకే పోతాయి. ఆ పోర్టు లేని మాడ్యూల్‌కు ఈ రైడ్ పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని తీసుకునే ముందు మీ మాడ్యూల్ వెనుక చూడండి.

ఒక హెచ్చరిక. సింబల్ కేబుల్‌ను మాడ్యూల్ మీదున్న లైన్ ఇన్‌లోనో, మిక్సర్ ఛానెల్లోనో పెట్టొద్దు. ఇది దెబ్బ పడిందని మాడ్యూల్‌కు చెప్పే ట్రిగ్గర్, మైక్ కాదు. అలాగే కీబోర్డ్ ఔట్‌ను ట్రిగ్గర్ ఇన్‌లో పెట్టొద్దు. అన్నీ ఒకే సైజు పిన్నులు కావడంతో హడావుడిలో ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

5. మాడ్యూల్ ఆన్ చేసి ప్యాడ్ టైప్ ఎంచుకోండి.

ట్రిగ్గర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ ఇన్‌పుట్‌కు మీ ప్యాడ్ మోడల్ పేరు ఉంటే అదే పెట్టండి. పేరు చూడగానే మాడ్యూల్ సెన్సిటివిటీ దగ్గర్నుంచి స్విచ్చు చదివే పద్ధతి దాకా అన్నీ తనే సర్దుకుంటుంది. మీ మోడల్ లిస్టులో లేకపోతే అదే కంపెనీ దగ్గరి మోడల్ పెట్టండి. వేరే కంపెనీ ప్యాడ్ అయితే ఒక్కో సింబల్ టైప్ మార్చి చూడటమే, ఏదో ఒకటి కుదురుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు సింబల్ పెట్టిన ఇన్‌పుట్‌కు టామ్ ప్యాడ్ టైప్ వదిలేయడం. మెష్ టామ్‌లలో, అంటే జాలీ తోలున్న డ్రమ్ ప్యాడ్లలో, అంచు కోసం స్విచ్చు బదులు ఇంకో పియెజో ఉంటుంది. మాడ్యూల్ రింగు తీగ మీద రెండో పియెజో కోసం చూస్తూ కూర్చుంటే మీ అంచు స్విచ్చు ఎంత మొత్తుకున్నా దానికి వినపడదు. ఆక్స్ జాకులో పెట్టిన క్రాష్‌కు ఎడ్జ్ రాకపోతే ముందు చూడాల్సింది ఇదే.

6. శబ్దాలు కేటాయించి ఉన్నాయో లేదో చూడండి.

ప్యాడ్ పలికినా, మాడ్యూల్లో ఎంచుకున్న కిట్‌లో, అంటే శబ్దాల సెట్టులో, బెల్‌కు ఏ శబ్దమూ పెట్టకపోతే వినపడదు. లేదా బౌకూ బెల్‌కూ ఒకే శబ్దం పెట్టి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన మొదటి కిట్‌కు వెళ్లి చూడండి. అక్కడ వస్తూ మీ సొంత కిట్‌లో రాకపోతే తప్పు కేబుల్లో లేదు.

7. సర్దుబాట్లు, ఇదే వరుసలో.

ముందు సెన్సిటివిటీ. మీరు నిజంగా వాయించేటప్పుడు కొట్టేంత గట్టిగా బౌ కొట్టండి. స్క్రీన్ మీద గీత పైదాకా అరుదుగా మాత్రమే తగలాలి. ప్రతి దెబ్బకూ పైకి తగులుతుంటే తగ్గించండి. ఎంత కొట్టినా సగం దాటకపోతే పెంచండి.

తర్వాత త్రెషోల్డ్. స్టాండును చేత్తో కదిపితే సింబల్ దానంతట అదే మోగుతోందా? త్రెషోల్డ్ ఒక్కో అంకె పెంచుతూ, ఆగిన చోట ఆపండి. ఎక్కువ పెంచితే మెల్లగా వాయించే దెబ్బలు మింగేస్తుంది. ఆరాధన పాటల్లో రైడ్ మీద వేలితో తట్టినట్టు వాయించేవాళ్లకు ఇది ముఖ్యం.

చివర క్రాస్‌టాక్. క్రాష్ కొడితే రైడ్ కూడా మోగడం, లేదా కిక్ తొక్కితే క్రాష్ పలకడం ఇది. అన్నీ ఒకే ర్యాక్ గొట్టానికి బిగించిన కిట్లలో మామూలే. ముందు క్లాంపులు బిగించి, రెండు సింబళ్లు ఒకదానికొకటి తగలకుండా జరపండి. ఇంకా వస్తుంటే మోగకూడని ప్యాడ్ ఇన్‌పుట్‌లో క్రాస్‌టాక్ క్యాన్సిల్ కొంచెం పెంచండి. అతిగా పెంచితే రెండూ ఒకేసారి కొట్టినప్పుడు ఒకటి పలకదు, పాట చివర పెద్ద దెబ్బ దగ్గరే అది బయటపడుతుంది.

ఎడ్జ్‌కూ బెల్‌కూ విడిగా సెన్సిటివిటీ ఉంటే వాటిని బౌ కుదిరాకే ముట్టుకోండి.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ ఐదూ చేయండి.

బౌ మీద మెల్లగా మొదలుపెట్టి గట్టిగా దాకా ఇరవై దెబ్బలు వేయండి. శబ్దం మెట్లు మెట్లుగా కాకుండా సాఫీగా పెరగాలి, మధ్యలో బెల్ గానీ ఎడ్జ్ గానీ దూరకూడదు.

అంచు మీద డ్రమ్ పుల్ల మెడతో, అంటే కొసకు కాస్త కిందుగా ఉండే భాగంతో కొట్టండి. కొసతో కొడితే అంచు స్విచ్చు సరిగ్గా నొక్కుకోదు. బెల్ మీదా అంతే. కొసతో తట్టి "బెల్ వస్తలేదు" అని ఫోన్ చేసినవాళ్లున్నారు. అసలు కంచు సింబల్ మీద కూడా బెల్‌ను ఎక్కువగా పుల్ల ఒంటితోనే కొడతాం కదా.

అంచు చుట్టూ రెండేసి అంగుళాల దూరంలో కొడుతూ వెళ్లండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఎడ్జ్ పలుకుతోందో చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ భాగం మీ వైపు ఉండాలి.

గట్టిగా ఒక ఎడ్జ్ కొట్టి వెంటనే అంచు పట్టుకోండి. శబ్దం ఆగాలి. వదిలి మళ్లీ కొడితే మళ్లీ మోగాలి.

పక్క క్రాష్, స్నేర్, కిక్ అన్నీ గట్టిగా వాయించండి. ఈ సింబల్ నోరు మెదపకూడదు.

ల్యాప్‌టాప్ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. మాడ్యూల్‌ను యూఎస్‌బీతో కలిపి, వచ్చే మిడి నోట్ నంబర్లు, అంటే ఏ శబ్దం మోగాలో చెప్పే అంకెలు చూడండి. జనరల్ మిడిలో రైడ్ 51, రైడ్ బెల్ 53, క్రాష్ 49. మీ మాడ్యూల్ నంబర్లు వేరుగా ఉన్నా, గుబ్బ కొట్టినప్పుడు బౌ నంబరు కాకుండా ఇంకో నంబరు రావాలి. నంబరు మారుతోంది కానీ శబ్దం మారడం లేదంటే ఆరో మెట్టుకు వెళ్లండి. నంబరే మారడం లేదంటే కేబుల్, ప్యాడ్ టైప్, లేదా స్విచ్చు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మూడేళ్ల కిందట నక్కలగుట్టలో ఒక రిసెప్షన్. సౌండ్‌చెక్‌లో నా క్రాష్ కొడితే "టిక్" అని వచ్చి చచ్చిపోతోంది. ప్యాడే పోయిందనుకుని కింది స్క్రూలన్నీ విప్పి పరిచాను. పెళ్లికొడుకు వచ్చేశాడు, నా చేతిలో ఇంకా స్క్రూడ్రైవరే ఉంది. చివరికి చూస్తే, మా గిటారిస్టు సాయం చేద్దామని నా కేబుల్ స్థానంలో తన కేబుల్ పెట్టాడు. పిన్ను మీద నల్ల గీత ఒకటే ఉంది. మోనో.

మోనో పిన్నులో రింగు ఉండదు, దాని స్థానంలోనూ ఎర్తే ఉంటుంది. దాంతో స్విచ్చు తీగ నేరుగా ఎర్త్‌కు తగులుతుంది. ఎవరో అంచును పట్టుకునే ఉన్నారని మాడ్యూల్ అనుకుంటుంది, మోగిన శబ్దాన్ని మోగినట్టే ఆపేస్తుంది. కొన్ని మాడ్యూళ్లలో ఎక్కడ కొట్టినా ఎడ్జ్ వస్తుంది, కొన్నింటిలో బౌ ఒక్కటే వస్తుంది. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి: రెండుంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో. రెండు చివరలూ చూడండి.

దీనికంటే మోసపుచ్చేది ఇంకోటుంది. పిన్ను మీద రెండు గీతలుంటాయి, లోపల రింగుకు తీగ టంకం వేసి ఉండదు, లేదా ఊడిపోయి ఉంటుంది. చూపుకు స్టీరియో, పనికి సగం. అప్పుడు బౌ చక్కగా వస్తుంది, ఎడ్జ్, చోక్ రెండూ రావు. "టిక్" అని ఆగిపోతే రింగు ఎర్త్‌కు తగులుతోంది, అంచు అసలే పలకకపోతే రింగు తెగింది. ఈ రెండు లక్షణాలూ గుర్తుంటే సగం రిపేరు అయినట్టే.

మల్టీమీటర్‌తో ఇలా తేల్చండి. ముందు కేబుల్ ఒక్కదాన్నే తీసుకోండి. బీప్ మోడ్‌లో పెట్టి కొసకు కొస, రింగుకు రింగు, ఒంటికి ఒళ్లు తాకించండి. మూడూ మోగాలి. ఆపైన కొసకూ రింగుకూ, రింగుకూ ఒంటికీ తాకించండి. మోగకూడదు. కేబుల్‌ను పిన్ను దగ్గర వంచుతూ చేస్తే లోపల తెగి తగులుతున్న తీగ కూడా బయటపడుతుంది.

కేబుల్ బాగుంటే దాన్ని ప్యాడ్‌కు పెట్టి, మాడ్యూల్ వైపు పిన్ను చేతిలో పట్టుకోండి. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి మీటర్ ప్రోబు ఒకటి రింగుకు, ఇంకోటి ఒంటికి ఆనించండి. ఏమీ ముట్టుకోకపోతే మీటర్ తెరిచి ఉన్నట్టు చూపాలి. ఇంకొకరితో అంచును గట్టిగా నొక్కించండి. అంకె కిందికి పడాలి. వదిలితే మళ్లీ తెరుచుకోవాలి. బౌ/బెల్ జాక్ అయితే అంచు బదులు గుబ్బను బొటనవేలితో నొక్కాలి. ఒకే జాక్ మీద మూడు జోన్లున్న ప్యాడ్లలో అంచుకు ఒక అంకె, గుబ్బకు ఇంకో అంకె వస్తాయి. వాటిని విడదీసి గుర్తుపట్టడానికి లోపల రెసిస్టర్ పెడతారు. నొక్కకపోయినా అంకె పడి ఉందంటే స్విచ్చు అతుక్కుపోయింది. ఎంత నొక్కినా పడకపోతే స్విచ్చు లేదా జాక్ పోయింది. అప్పుడు మాత్రమే ప్యాడ్ రిపేరు గురించి ఆలోచించండి.

మీటర్ లేకపోతే మార్పిడి పద్ధతి ఉంది. బాగా పలుకుతున్న క్రాష్ కేబుల్ తీసి రైడ్‌కు పెట్టండి. తర్వాత అదే రైడ్‌ను క్రాష్ ఇన్‌పుట్‌లో పెట్టి చూడండి. తప్పు కేబుల్‌తో పోతోందా, ప్యాడ్‌తో పోతోందా, ఇన్‌పుట్ దగ్గరే ఉండిపోతోందా అన్నది ఈ రెండు మార్పిళ్లలో తేలుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మూడూ కలిపి మార్చి, "ఇప్పుడు వచ్చింది, ఎందుకొచ్చిందో తెల్వదు" అంటే వచ్చే ఆదివారం మళ్లీ అదే పాట.

రెండు కంపెనీలు కలిపితే

బౌ, ఎడ్జ్ వరకు చాలా కంపెనీల సింబళ్లు ఒకదాని మాడ్యూల్‌తో ఇంకోటి కుదురుతాయి, ఎందుకంటే పియెజో ప్లస్ స్విచ్చు పద్ధతి ఒకటే. పేచీ అంతా బెల్ దగ్గరే. యమహా మూడు జోన్ల రైడ్‌ను రెండు కేబుళ్లు అడిగే మాడ్యూల్‌కు పెడితే బెల్ విడిగా రాదు. రెండు జాకుల రైడ్‌ను యమహా మాడ్యూల్‌కు ఒక కేబుల్‌తో పెడితే ఏ జాకులో పెట్టారో ఆ రెండు జోన్లే వస్తాయి. మధ్యలో రెసిస్టర్ పెట్టి రెండు జాకులను ఒకటిగా కలిపే అడాప్టర్లు టంకం వచ్చినవాళ్లు తయారు చేసుకుంటారు. స్టేజీ మీద ఊడే జాయింటు ఇంకోటి పెరుగుతుంది కనుక నేను వాడను. బెల్ ముఖ్యమైతే మాడ్యూల్ కంపెనీ రైడే తీసుకోండి.

ఆక్టాప్యాడ్‌కు, అంటే ఒకే పెట్టె మీద ఎనిమిది ప్యాడ్లుండే వాయిద్యానికి, సింబల్ పెట్టుకునేవాళ్లు మన ఆర్కెస్ట్రాల్లో చాలామందే. అక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని ప్యాడ్ యూనిట్లలో ఒక ట్రిగ్గర్ జాక్ రెండు విడివిడి ప్యాడ్ల కోసం ఉంటుంది: కొస ఒక ప్యాడ్‌కు, రింగు ఇంకో ప్యాడ్‌కు. అలాంటి జాకులో రెండు జోన్ల సింబల్ పెట్టినప్పుడు సెట్టింగులో టైప్ మార్చకపోతే ఎడ్జ్ రాదు.

పెడల్‌తో తెరిచి మూసే జంట సింబల్, హై-హ్యాట్ సంగతి వేరు. స్టాండ్ మీద కూర్చునే హై-హ్యాట్లకు ట్రిగ్గర్ ఔట్, కంట్రోల్ ఔట్ అని రెండు జాకులుంటాయి. రెండోది బెల్ కాదు, మూత ఎంత తెరుచుకుందో చెప్పేది. ఈ రెండూ తారుమారైతే పెడల్ పనిచేయదు. పెట్టాక మాడ్యూల్లో ఆఫ్‌సెట్ సర్దడం మర్చిపోవద్దు.

మన దగ్గర వాడేటప్పుడు

మే నెలలో కిట్‌ను కారు డిక్కీలో వదిలేయకండి. వరంగల్ ఎండకు మూసిన కారులో రబ్బరు మెత్తబడి, అంచు కింద స్విచ్చు అతుకు ఊడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచు మీద బరువు పడుతుంది, సింబళ్లను నిలబెట్టే సంచిలో పెట్టండి. తుడవడానికి తడి గుడ్డ గట్టిగా పిండినది చాలు, థిన్నర్, పెట్రోలు వద్దు.

ఫంక్షన్ హాల్లో జనరేటర్‌కు మారేటప్పుడు మాడ్యూల్ ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. ఆ సమయంలో పుల్ల గానీ చేయి గానీ సింబల్ మీద పెట్టకండి. అది పూర్తిగా ఆన్ అయ్యాక ఒకసారి బెల్, ఒకసారి చోక్ చూసుకుని పాట మొదలుపెట్టండి.

సంచిలో స్పేర్ స్టీరియో కేబుల్ ఒకటి ఎప్పుడూ ఉండాలి, దానికి కూడా టేపు చుట్టి ఉండాలి, గిటారిస్టు తీసుకెళ్లకుండా. అన్నీ కుదిరాక ట్రిగ్గర్ సెట్టింగుల పేజీలను ఒక్కొక్కటిగా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. చర్చి కిట్ అయితే మరీనూ, ఎవరో ఒక పిల్లవాడు ఏదో ఒక ఆదివారం ఫ్యాక్టరీ రీసెట్ కొడతాడు.